దొంగ నోట్లో నా మాట

చిన్నదానా, కంప్యూటర్ మాట్లాడేటప్పుడు ఊపిరి పీల్చుకుంటుందా అని మొన్న ఫోన్లో అడిగావు కదా. పీల్చుకోదమ్మా. మనం కామా పెట్టిన చోట ఆగుతుంది, అంతే. అమ్మమ్మకు ఈ సంగతులెలా తెలుసని అన్నా చెల్లెలూ నవ్వకండి. తెలిసేదాకా కూర్చున్నాను మరి.

పోయిన ఎండాకాలం మా చెల్లెలి కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది. పిల్లల కథలకు కంప్యూటర్ గొంతులు పెట్టడం దాని ఉద్యోగం. మనం రాసింది మిషన్ చదువుతుంది. అవ్వకో గొంతు, దొంగకో గొంతు మనమే సరిచేయాలి.

"పెద్దమ్మా, నువ్వు చెప్పే దొంగ కథ మా ఆఫీసోళ్లకు నచ్చింది. జర పక్కన కూసొని గొంతులు ఎట్లున్నయో చెప్పరాదు," అంది.

మీ కోసమే ఒప్పుకున్నాను. సూరత్‌లో మీకు బడిలో గుజరాతీ, బయట హిందీ. నేను ఫోన్లో "ఏం జేస్తానవ్ బిడ్డా?" అంటే పెద్దోడు "క్యా?" అంటాడు. మన మాటలో ఒక్క కథ ఉంటే ఎన్నిసార్లైనా వింటారు, మిషన్‌కు విసుగు రాదు కదా అనుకున్నాను.

కథ పెద్దదేం కాదు. ఒంటరి అవ్వ ఇంట్లోకి దొంగ దూరతాడు. అవ్వ భయపడదు. "నాకూ నిద్ర రాలే. ఆకలైతాందా బిడ్డా? జర గంజి తాగి పో," అంటుంది. వాడు గంజి తాగి, తల వంచుకుని వెళ్లిపోతాడు. కథ మొత్తం ఆమె ఆ మాట అనే తీరులోనే ఉంది.

నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాం. తెర మీద రెండు గీతలుంటాయి. ఒకటి జరిపితే గొంతు సన్నమో లావో అవుతుంది, రెండోది జరిపితే వేగం మారుతుంది. మొదట అది అవ్వ గొంతును వణికించింది.

"ముసల్దైతే వణకాల్నానే? నేను వణుకుతాన్ననా?"

"నువ్వా! నువ్వు మెల్లగ తిడ్తెనే మేం వణుకుతం," అని నవ్వింది.

వణుకు తీసేసింది. కానీ "నిద్ర రాలే" దగ్గర రెండు రోజులు పట్టింది. రాలేదు అనడానికి మనం "రాలే" అంటాం కదా, మిషన్ దాన్ని టక్కున పొట్టిగా చదివేసేది. నిద్ర చెట్టు మీంచి రాలిపడినట్టు వినిపించేది. చివరికి "రాలేఏ" అని ఒక అక్షరం ఎక్కువ రాశాం. అప్పుడు అచ్చం మన వాడకట్టు ఆడవాళ్లు అన్నట్టే అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇగ దీన్ని ముట్టకు," అన్నాను.

"ముట్ట పెద్దమ్మా, నీ మీదొట్టు," అంది.

కథ ఫోన్లో వచ్చిన రోజు, మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్లందరినీ పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. "నా ముచ్చట వస్తాంది, ఇనుండ్లి," అని ఫోన్ సౌండ్ పెంచాను.

అవ్వ నోరు విప్పింది. "ఆకలిగా ఉందా నాయనా? కాస్త గంజి తాగి వెళ్ళు." గొంతు వణుకుతోంది. ఈమె ఎవరి అవ్వో నాకు తెలియలేదు. తర్వాత దొంగ. బొంగురు గొంతు, ఉరుకుతున్నట్టు వేగం. "ఏందే ముసల్దానా, జర ఆగు! ఆకలికి నిద్ర రాలేఏ!"

అరుగంతా నవ్వు. పక్కింటామె నా భుజం మీద చరిచి, "అక్కా, దొంగోడు అచ్చం నీ లెక్కనే మాట్లాడ్తాండు గదనే!" అంది. నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాను, నేనే పిలిచి కూర్చోబెట్టాను కదా.

వాళ్లు లేచి వెళ్లాక చెల్లెలి కూతురికి ఫోన్ చేశాను. ఆఫీసులో ఉంది.

"అవ్వ మాట ఎందుకు మార్చినవే? మీ సార్లు మార్చమన్నరా?"

"లేదు పెద్దమ్మా, నేనే మార్చాను. అలా అయితేనే అందరికీ అర్థమవుతుంది."

నా చేతుల మీద పెరిగిన పిల్ల. ఎప్పుడూ "అట్ల" అనేది, నాతో "అలా" అనడం అదే మొదటిసారి. పక్కన ఎవరున్నారో నాకేం తెలుసు.

ఆ తర్వాత రెండుసార్లు ఇంటికొచ్చింది. అన్నం పెట్టాను, తింది. తానుగా ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. కథ పంపమని పెద్దోడు అడిగితే నా ఫోన్లోంచి పోవట్లేదని చెప్పాను. అది అబద్ధం నాన్నా, ఫోన్ బాగానే ఉంది.

ఆ రోజు ఫోన్లో చివరగా దాన్ని ఒక్కటే అడిగాను. మీటింగ్ ఉందని కట్ చేసింది.

"అవ్వ మాట్లాడ్తె అర్థం కాని మాట, దొంగ మాట్లాడ్తె ఎట్ల అర్థమైతాంది బిడ్డా?"