రోము చక్రవర్తి ఇంట్లో అద్దెకు

ఆ రోజుల్లో కర్నూలులో ఇల్లు సంపాదించడం కన్నా రాజ్యం సంపాదించడం తేలిక. రాజ్యమేమో కొత్తగా వచ్చింది, కర్నూలును రాజధాని చేసుకుంది, మాలాంటి గుమాస్తాలను గుంటూరు వైపు నుంచి తరలించి డేరాల్లో దింపింది. ఆ ఎండకు డేరాలో తల మాడిపోతుండగా పాత ఊళ్లో నాపరాళ్ల మిద్దెలో ఒక గది ఉందని తెలిసింది. ఇంటాయన మా ఆఫీసులోనే హెడ్‌గుమాస్తా, పుట్టి పెరిగిందంతా కర్నూలే. "సర్కారోళ్లకు ఇల్లియ్యనప్పా. మీరు మమ్మల్ని మనుషుల లెక్కన జూడరు" అన్నాడు మొదట. సర్కారోళ్లంటే అక్కడ మా కోస్తావాళ్లమే. నేను ఆయన్ని మామా అని పిలిచి, జొన్నరొట్టె మెచ్చుకుని, మాటకు ముందొక 'శానా', వెనకొక 'శానా' తగిలించి మొత్తానికి లోపల పడ్డాను. (ఆ 'శానా' నా నోట్లో ఎరువు తెచ్చుకున్న చొక్కాలా ఉండేదని ఆయన భార్య పక్కింటివాళ్లతో అనేదట.)

ఇంతలో ఆఫీసు వార్షికోత్సవానికి నాటకం వచ్చిపడింది. మా సూపరింటెండెంటుగారిది గుంటూరు వైపే. రోములో పెద్దలంతా కూడబలుక్కుని చక్రవర్తిని పొడిచి చంపిన కథను ఆయనే రాశారు. ఆఖర్న శవం పక్కన నిలబడి తాను ఇవ్వబోయే ఉపన్యాసం కోసమే మిగతాదంతా రాశారని మాకందరికీ తెలుసు. రోము సభ నిండా మావైపు వాళ్లను నింపి, కర్నూలు వాళ్లకు ద్వారపాలకుల వేషాలు పంచారు. అయితే తెరలూ హార్మోనియమూ మామవి కాబట్టి చక్రవర్తి వేషం ఆయనకివ్వక తప్పలేదు. ఎలాగూ చచ్చే వేషమే కదా అని సూపరింటెండెంటుగారు సమాధానపడ్డారు. నన్నేమో హంతకుల్లో ఒకణ్ణి చేశారు. పొడవకపోతే ఆఫీసులో బతకనివ్వరు, పొడిస్తే మళ్లీ ఆ ఇంటికే వెళ్లి పడుకోవాలి. నాటకం అయ్యేదాకా నాకు అన్నం సయించలేదు.

నాటకానికి ఊరంతా వచ్చింది. పంచెలు భుజాల మీదుగా చుట్టుకుని రోము పెద్దలమైపోయిన మేము మామను చుట్టుముట్టి చెక్క బాకులతో పొడిచాం. ఆయన ఒరుగుతూ ఒక పద్యం అందుకుని, రాగం తీసి తీసి, తల వాల్చాడు. "వన్స్ మోర్!" అని జనం ఊగిపోయారు. ఆ మాట విని కూడా లేవకపోతే చచ్చినవాడికి మర్యాద కాదు. మామ లేచాడు, మళ్లీ పొడిచాం, మళ్లీ పాడి చచ్చాడు. మళ్లీ వన్స్ మోర్. ఈసారి లేచేసరికి, ఉపన్యాసం గొంతులో పెట్టుకుని నిలబడ్డ సూపరింటెండెంటుగారి ముఖం కందగడ్డ అయింది.

"ఇదేవిటండీ, ఇక పడుకోండి" అన్నారు పళ్ల బిగువున.

"జనం లెయ్యమంటాండారు. ఊరు మాది సామీ, యాడికి పోదును?" అన్నాడు చక్రవర్తి అందరికీ వినపడేట్టు.

చప్పట్లే చప్పట్లు. "పొడువయ్యా!" అని సూపరింటెండెంటుగారు నన్ను ముందుకు తోశారు. నాకు డేరా కళ్లకు కట్టింది. బాకు పారేసి, "శానా బాగ పాడితివి మామా! వన్స్ మోర్!" అని అరిచాను. హంతకుడే అలా అన్నాక జనాన్ని ఆపేదెవరు? మామ పాడుతుండగానే తెర దించేశారు. రోము చరిత్ర ఉపన్యాసం లేకుండానే ముగిసింది.

"కర్నూలువాడివైపోయావన్నమాట" అని సూపరింటెండెంటుగారు ఈసడించారు. నాకది బిరుదిచ్చినట్టే అనిపించింది. అదే ఉత్సాహంతో ఇంటికి వెళితే, మామ ముఖాన రంగుతోనే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"గదికేం ఇబ్బంది లేదు కదా మామా?"

"గది యాడికి పోతాదిలే, ఉండు. అయినా ఎందుకు పొడవకపోతివప్పా? ఆఖరి తూరి సచ్చేదానికని ఇంగా మంచి పద్యం దాచిపెట్టుకునింటి. నువ్వు వన్స్ మోర్ అంటివి, పాతదే పాడాల్సొచ్చె. మా ఊరోడైతే కన్నతండ్రినైనా పొడిచింటాడు. నాటకం నాటకమే గదా!"

కర్నూలువాణ్ణనిపించుకోవడానికి నేను వేసిన ఆ ఒక్క కేకే నేను కర్నూలువాణ్ణి కానని తేల్చేసింది. గది మాత్రం దక్కింది. ఇన్నేళ్లకు ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అంత భయపడకుండా మామను హాయిగా ఇంకొక్కసారి పొడిచి ఉండాల్సింది. ఆ దాచుకున్న పద్యం ఏమిటో నేను విననేలేదు.