బందు రోజు అంగట్లో ఉన్నవాడు

కాటన్‌పేటలో బాలాత్రిపురసుందరి ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. సుందరక్క అంటే చూపిస్తారు. తాతల నాడు హిందూపురం నుంచి వచ్చి బట్టల వ్యాపారంలో స్థిరపడిన కుటుంబం. భర్త పోయాక ఆమె అంగడిని రెండుగా చేసి, ఒక సగంలో కంప్యూటర్లు పెట్టించి బ్రౌజింగ్ సెంటర్ తెరిచింది. పిల్లల్లేరు. అక్క నంజమ్మ కొడుకు వంశీ బడి వదలగానే వచ్చి అక్కడే కూర్చునేవాడు.

రెండువేల ఏడులో ఒక మధ్యాహ్నం సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టరు మామూలు బట్టల్లో వచ్చాడు. వంశీ తరగతిలో చదివే మమత పేరుతో, ఫోటోతో, ఎవరో నెట్లో దొంగ పేజీ పెట్టారు. చదవడానికి నోరు రాని రాతలు, కింద ఇంటి ఫోన్ నంబరు. ఎవరెవరో ఫోన్లు చేస్తుంటే ఆ పిల్ల బడి మానేసింది. మొదట వెళ్లిన స్టేషన్లో "పిల్లకాయల అల్లరికి కేసేందప్పా" అని పంపేస్తే, తండ్రి సైబర్ స్టేషన్‌దాకా పోయి ఫిర్యాదిచ్చాడు. విచారిస్తే ఆ పేజీ ఊరంతా బందు జరిగిన రోజు ఈ అంగట్లోనే తయారైందని తేలింది.

"ఆ రోజు బందు కదమ్మా, తెరిచినారా?"

ఎవరో వచ్చిపోయినారు, గుర్తు లేదు అంటే సరిపోయేది. సుందరక్క అలా అనలేదు.

"లేదు సార్. షట్టరు దించే ఉండాది. లోపల మా అక్క కొడుకు ఒక్కడే ఉండినాడు."

వంశీ ఒప్పుకున్నాడు. పరీక్షలో చూసి రాస్తున్నాడని మమత టీచరుకు చెప్పిందంట. అందుకు.

వాడికి పద్నాలుగేళ్లు. లాకప్పులో పెట్టలేదు, బాలల బోర్డు ముందుకు తీసుకెళ్లారు. బోర్డు వాణ్ణి మందలించి, కొన్ని నెలలు కౌన్సెలింగ్‌కు రమ్మని ఆదేశించింది. పేజీ తీసేశారు. పిల్లల పేర్లడుగుతూ ఒక విలేకరి అంగడికి వస్తే, "పేర్లు రాయకూడదని చట్టంలో ఉండాదంట, నేనూ చెప్పను" అని సుందరక్క పంపేసింది.

నంజమ్మ వాకిట్లోనే నిలబడి అడిగింది. "నీ కడుపున పుట్టినోడైతే చెప్పుండేదానివా?"

"తెలీదక్కా."

నంజమ్మ మళ్లీ ఆ గడప తొక్కలేదు. సుందరక్క ఒకసారి మమత వాళ్లింటికి పోయింది. ఆ పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. తల్లి కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేసింది. తర్వాతి ఏడు మమతను వేరే బడిలో చేర్చారు. అక్కడ కుదురుగా చదువుకుంటోందని తల్లే ఫోన్ చేసి చెప్పింది.

రెండేళ్లు గడిచాక వంశీ కాలేజీలో చేరి, తల్లికి చెప్పకుండా ఒక సాయంత్రం అంగడికి వచ్చాడు.

"పిన్నమ్మా, మమత ఇప్పుడు ఏ కాలేజీ? క్షమించమని అడగాలనుండాది."

"తెలుసు గానీ నీకు చెప్పను. నువ్వు కనబడకుండా ఉండేదే ఆ పిల్లకు మేలు."

ఆమె లోపలికి పోయి వాడికి అన్నం పెట్టింది.