సుగుణమ్మ ఎడమచెయ్యి

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగేసరికి ఉదయం ఆరున్నర. సన్నటి జల్లు పడుతోంది. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో ఇనుప ట్రంకు, కాళ్ళకు పాత ఆర్మీ బూట్లు. సందు మొదట్లోకి రాకముందే నా చేతిలో మూడు కాగితాలు పెట్టారు. ఒకటి కంప్యూటర్ కోర్సుది, రెండు హాస్టళ్ళవి.

"అంకుల్, బెడ్ ఖాళీ ఉంది. ఫుడ్ మస్తుంటది," అన్నాడు హాస్టల్ మనిషి.

"నాకు పోలీసోళ్ళు ఇస్తున్నరు తమ్మీ, బెడ్డు."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. దొంగనని అనుకున్నట్టున్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి సుబేదారుగా దిగిపోయిన మనిషిని. మంచుకొండల్లో చేశాను, ఎడారిలో చేశాను. యుద్ధం కబుర్లు చెప్పమంటే మా ఊళ్ళో అందరికీ అవే కావాలి. నాకు మాత్రం చెప్పాలనిపించేది, దిగిపోయాక వచ్చిన ఈ ఆఖరి డ్యూటీ గురించే. పోలీసులకు పిస్తోలు వాడకం, మీద పడ్డవాడి నుంచి కాచుకోవడం నేర్పాలి. నలభై రోజులు. ఆర్డరులో అంతే ఉంది.

శిక్షణ గ్రౌండు అంటే రెండు అపార్టుమెంట్ల మధ్య పాత పోలీసు క్వార్టర్ల ఆవరణ. సగం సిమెంటు, సగం బురద. మేము కింద పడి లేస్తుంటే, పై అంతస్తుల్లో ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు నోట్లో బ్రష్షులు పెట్టుకుని చూసేవాళ్ళు. బ్యాచికి పెద్ద ఇన్‌స్పెక్టర్‌గారు. గుంటూరు వైపు ఆయన; మెత్తటి మాట, గట్టి రూలు. ఆయుధాలు అప్పగించి తీసుకునే ఆర్మరర్ పహిల్వాన్ లాంటివాడు, ఛాయ్ లేనిదే పలకడు. నేర్చుకునేవాళ్ళు పన్నెండుమంది. వాళ్ళలో ఒక హెడ్ కానిస్టేబుల్, సుగుణమ్మ.

నలభై అయిదు దాటిన మనిషి. చాలా ఏళ్ళుగా పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ డ్యూటీ. నాలుగు మాటలకోసారి దగ్గు. పొగలోంచి బయట పడకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పేశాడు. శ్రీనగర్ కాలనీలో ఒక ఆఫీసుకు గార్డు డ్యూటీ ఖాళీగా ఉంది. నీడపట్టున పని. కానీ అది ఆయుధం పట్టే ఉద్యోగం. ఈ కోర్సు పాసైతేనే ఇస్తారు.

"రాత్రి నా బిడ్డ నా వీపు మీద చెవి పెట్టి వింటది సార్," అని చెప్పింది మొదటి వారంలోనే. "లోపల పిల్లి గుర్రుగుర్రుమంటున్నదంట. నవ్వుకుంటనే చెప్తది, గని నిద్రపోదు."

చురుకైన మనిషి. పిస్తోలు విప్పడం, బిగించడం అందరికంటే ముందు నేర్చుకుంది. తీసి గురిపెట్టే దగ్గర మాత్రం చిక్కొచ్చింది. కుడిచేత్తో పిస్తోలు లేపగానే ఎడమచెయ్యి దానంతట అదే ముందుకు చాచుకునేది. అరచెయ్యి నిటారుగా, వేళ్ళు దగ్గరగా. ఆగమన్నట్టు. సరిగ్గా పిస్తోలు మూతికి అడ్డంగా!

ఖాళీ పిస్తోలుతో కాబట్టి మొదట్లో నవ్వుకున్నాం. ఊరి బయట ఫైరింగ్ రేంజిలో, నిజం తూటాలతో కూడా అదే చేసింది. "ఫైరింగ్ బంద్!" అని అరిచి, ఆమె మణికట్టు పట్టి నేలకు వంచాను. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే ఆ అరచెయ్యి ఉండేది కాదు. భయం కనపడకుండా తిట్టాను, బాగా తిట్టాను.

ఇన్‌స్పెక్టర్‌గారు పక్కకు పిలిచారు. "ఏంటి సుబేదారుగారూ ఇది? ఆవిడ చెయ్యి పోతే ఎవరు చెప్పాలి సమాధానం? పరీక్షలో ఇదే చేస్తే వెనక్కి పంపించేస్తాను. నాకూ బాధే, కానీ తప్పదు."

వెనక్కంటే పొగలోకే.

ఆ వారమంతా నానా తంటాలు పడ్డాను. ఆమె ఎడమచేతిని తువ్వాలుతో బెల్టుకు కట్టాను. కట్టినంతసేపూ బంగారంలా చేసేది. విప్పగానే చెయ్యి లేచేది. విసుగొచ్చి, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటరు, గిదే కావచ్చు," అన్నాను.

ఆమె దగ్గుతూ నవ్వింది. "పుట్టుకతోని రాలె సార్. పంజగుట్ట చౌరస్తతోని వచ్చింది."

శిక్షణ పొద్దునే; ఆ సాయంత్రం ఆమెకు మామూలుగానే చౌరస్తాలో డ్యూటీ. చెప్పకుండా వెళ్ళి, మెట్రో పిల్లరు పక్కన నిలబడ్డాను. ఆరు గంటలు. వాన దంచుతోంది. నాలుగు దిక్కుల నుంచీ బండ్లు, ఒకటే హారన్లు. రోడ్డు అంచున సుగుణమ్మ. తెల్లచొక్కా మీద రెయిన్‌కోటు, నోటికి మాస్కు, నడుముకు వైర్‌లెస్ సెట్టు. సెట్టు గరగరమంది.

"పంజగుట్టా, ఎర్రగడ్డ దిక్కుకెల్లి అంబులెన్స్ వస్తుంది. లైన్ క్లియర్ చెయ్యాలె."

"రైట్ సార్."

ఆమె రోడ్డు మధ్యకు నడిచింది. బంజారాహిల్స్ నుంచి దిగుతున్న కార్ల వరసకూ, ఖైరతాబాద్ వైపు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుకూ ఎదురుగా ఎడమచెయ్యి చాచింది. బస్సు ఆ అరచేతికి మూరెడు దూరంలో ఆగింది. ఆమె వెనక్కి జరగలేదు. అంబులెన్సు వెళ్ళిపోయింది.

కొండల్లో మా చెక్‌పోస్టు దగ్గర ఒక జీపును ఆపాలంటే ఇసుకబస్తాలు, ముళ్ళకంచె, మెషీన్‌గన్ను ఉండేవి. ఇక్కడ ఒక ఆడమనిషి, ఒక చెయ్యి. ఈ చేతిని చంపేద్దామని కదా వారం నుంచీ చూస్తున్నాను!

మర్నాడు పొద్దున డ్రిల్లు మార్చాను. పన్నెండుమందికీ. హుకుం నాలుగు మాటలు: చెయ్యి, కేక, గుండె, పిస్తోలు. ముందు ఎడమచెయ్యి చాపాలి. పిస్తోలు నడుము దగ్గరే ఉండాలి. గట్టిగా ఆగమనాలి. ఆగకపోతే ఆ చెయ్యి వెనక్కొచ్చి గుండెకు తగలాలి. గుండెకు తగిలాకే కుడిచెయ్యి పిస్తోలు తియ్యాలి.

"ఈ చెయ్యేంటి సుబేదారుగారూ? మన సిలబస్‌లో లేదే?" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు.

"తీసేద్దామని మస్తు చూసిన సార్, పోతలేదు. గందుకె దానికో జాగ ఇచ్చిన."

ఆయన డ్రిల్లు చివరిదాకా చూసి వెళ్ళిపోయారు. వద్దని మాత్రం అనలేదు.

సుగుణమ్మ ఎక్కడ పడితే అక్కడ అదే సాధన చేసింది. ఛాయ్ కోసం నిలబడినా చెయ్యి, కేక, గుండె. పైనుంచి హాస్టల్ పిల్లలు కూడా కోరస్ అందుకునేవాళ్ళు, "ఆగు!" అని. ఆర్మరర్ మాత్రం, "జర మెల్లగ అక్కా, ఛాయ్ ఒలుకుతది," అని సణిగేవాడు.

పరీక్షరోజు రేంజిలో ఆమె వంతు వచ్చింది. చెయ్యి చాచింది. అరిచింది. అరచెయ్యి గుండెకు ఆనింది. అప్పుడు లేచింది పిస్తోలు, ముందు ఏ అడ్డూ లేకుండా. తూటాలన్నీ టార్గెట్ బోర్డులోనే దిగాయి.

ఇక రెండో భాగం. ఆర్మరర్ తాగుబోతు వేషంలో చెక్కకత్తితో మీద పడతాడు, ఖాళీ పిస్తోలుతో ఎదుర్కోవాలి. అంతకు ముందు వెళ్ళినవాళ్ళంతా కంగారులో చెయ్యీ కేకా మరిచి పిస్తోళ్ళు లాగారు. సుగుణమ్మ మీదికి అతను బూతులు కేకలేస్తూ ఉరికొచ్చాడు.

ఆమె చెయ్యి చాచింది. "ఏయ్! ఆగు! కింద పెట్టు!"

ఆ గొంతు నాలుగు రోడ్ల హారన్ల మీదుగా వినిపించే గొంతు. పహిల్వాన్ ఆగిపోయాడు. చెక్కకత్తి కింద పడింది. కుడిపాదంతో నేలను అదిమి పట్టాడు.

ఇన్‌స్పెక్టర్‌గారికి కోపం వచ్చింది. "ఏంటయ్యా, నిన్ను ఆగమన్నానా? మీద పడమన్నాను కదా!"

"ఏం జెయ్యాలె సార్? రోజు గా చౌరస్త కెల్లే బండి మీద వస్త. అక్క చెయ్యి జూడంగనె కాలు బ్రేకు మీదికి పోయింది."

అందరం నవ్వాం. ఇన్‌స్పెక్టర్‌గారు నవ్వలేదు. మార్కుల షీటు పట్టుకుని ఆమె వైపు తిరిగారు. "నువ్వు అసలు పిస్తోలే తియ్యలేదు కదమ్మా?"

"ఆగిండు గద సార్," అంది ఆమె. "ఇంకెందుకు తీసుడు?"

ఆయన వంగి చెక్కకత్తిని చేతిలోకి తీసుకున్నారు. తర్వాత షీటు మీద పాస్ అని రాశారు. సుగుణమ్మ గోడ వైపు తిరిగి దగ్గింది. దగ్గు కాదని అందరికీ తెలుసు. నా కళ్ళూ తడిశాయి, ఎందుకు దాచాలి?

నలభయ్యో రోజు ట్రంకు సర్దుకుని, బస్టాండుకు వెళ్ళే సిటీ బస్సెక్కాను. అక్కడి నుంచి నల్లగొండ బస్సు పట్టుకోవాలి. మళ్ళీ జల్లు. పంజాగుట్టలో బస్సు ఒక్కసారిగా ఆగింది. ముందు సుగుణమ్మ. చౌరస్తాలో ఆమెకు అదే ఆఖరి రోజు. ఎడమచెయ్యి చాచి మా బస్సును ఆపింది. ఎదుటివైపు నుంచి ఒక ముసలామె కర్ర పట్టుకుని, తాపీగా రోడ్డు దాటుతోంది. వెనక హారన్లు మొదలయ్యాయి.

ముసలామె అవతలికి చేరింది. అప్పుడు సుగుణమ్మ ముందు సీటులో ఉన్న నన్ను చూసింది.

ఎడమచెయ్యి వెనక్కొచ్చి గుండెకు ఆనింది. నేర్పినట్టే. కుడిచెయ్యి నడుము వైపు పోలేదు. టోపీ దాకా లేచి, సెల్యూట్‌లో నిలిచింది.

బదులియ్యాలని గబుక్కున లేచాను. పైనున్న కడ్డీ ఠంగుమని తలకు తగిలింది.

"కూసో పెద్దాయనా, బస్సు కదుల్తది," అన్నాడు కండక్టరు.

కూర్చోలేదు. బస్సు కదిలింది. ఎంతోమందికి సెల్యూట్ కొట్టాను, ఎన్నో తీసుకున్నాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఒకటే కనిపిస్తుంది. వాన, వెనక ఎర్రలైట్లు, తెల్లచొక్కా మీద తడిసిన ఆ అరచెయ్యి.