కళ్ళు మూసుకుని తిట్టరాదు

నిన్న కోరుట్ల పాత బజారులో నడుస్తుంటే, ఎవరింటి గడప ముందో తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు వాసన తగిలింది. అది పచ్చాకు వాసన కాదు, ఎండాకుదీ కాదు. వానకు తడిసిన కట్టెలా కొంచెం చేదుగా ఉంటుంది. నేను బీడీలు చుట్టడం మానేసి చాలా కాలమైంది కానీ నా వేళ్ళకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. కూరగాయల సంచి పట్టుకున్న చెయ్యి దానంతటదే ఆకు మడిచే తీరుగా ముడుచుకుంది. ఆ వాసన వెంటే రత్నమ్మ పెద్దమ్మ గొంతు: "ఎస్తేరూ, నోరు జర తక్కువ, చెయ్యి జర ఎక్కువ ఆడియ్యవే." ఆమెను మీరు చూడలేదు. చూసి ఉంటే ఇదంతా రాసే పని నాకు తప్పేది. ఆమే మీ ఇంటికి వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, మీ తప్పేమిటో చెప్పి, చెంగు దులుపుకుని వెళ్ళిపోయేది.

ఎగతాళికి అనడం లేదు, అది నిజంగా ఆమె పద్ధతి. మా మందిరం ఓ రేకుల షెడ్డు. మా గల్లీలో పని చేయగల మగవాళ్ళంతా దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్ళే, మా ఆయనతో సహా. మగవాళ్ళ వైపు చాపల మీద ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. పాస్టరయ్య ప్రసంగం చేస్తుంటే సగం మాకూ, సగం గోడకూ చెప్పినట్టుండేది. గోడే కాస్త శ్రద్ధగా వినేది. ఆడవాళ్ళందరం బీడీలు చుట్టేవాళ్ళమే. నేను బడి మానేసి బీడీల చాట ఒళ్ళో పెట్టుకున్ననాటికి నాకు ఎక్కాలు కూడా పూర్తిగా రావు. బుధవారం జరిగే స్త్రీల కూడికకు రత్నమ్మ పెద్ద. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. భర్త భీవండిలో మగ్గాలు నడిపి, దగ్గుతో తిరిగొచ్చి, ఆ దగ్గుతోనే పోయాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకు డానియేలును పట్టుకుని కోరుట్లకు వచ్చి, బీడీల మీదే పెంచింది. మనిషి పొడుగు, మాట అంతకంటే పొడుగు.

మా కూడికలో ఒక జబ్బుండేది. వరుసగా ఒక్కొక్కరం గట్టిగా ప్రార్థన చేస్తాం కదా, ఎదుటివాళ్ళ ముఖం మీద అనలేనిదంతా ఆ వంకతో దేవునికి చెప్పేవాళ్ళం. పక్కనున్నవాళ్ళు వినాలనే చెప్పేవాళ్ళం. ఓ బుధవారం మా అత్త కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, కొందరు కోడండ్లు పొద్దెక్కెదాక పండుకుంటరు, వాళ్ళకు మెలకువ దయచెయ్యి తండ్రీ" అంది. తరువాతి వంతు నాది. "ప్రభువా, కొందరు అత్తలు చక్కెర డబ్బా దాస్తరు. గా డబ్బా మూత నీ బలమైన చేతులతోని తెరువు తండ్రీ" అన్నాను. కూర్చున్న చాపలు కూడా నవ్వాయి.

రత్నమ్మ నవ్వలేదు. "ఇగ బంద్," అంది. "దేవుని నడుమ గూసోవెట్టి కొట్లాడుడు బంద్. కండ్లు మూస్కొని తిట్టుడు ఇయ్యాల్టితోని ఆఖరు. ఎవల మీద మాటున్నా వాళ్ళింటికి పోవాలె. వాళ్ళ గ్లాసుల నీళ్ళడిగి తాగాలె. కండ్లు తెరిసి, మొఖం జూసి చెప్పాలె."

"నీళ్ళెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"తాగినంక గొంతు మెత్తవడ్తది, అందుకు. వాళ్ళు నీళ్ళియ్యలేదనుకో, ముందు నీ తప్పేందో నువ్వే అడుగాలె."

బాప్తిస్మం తీసుకున్నాక కూడా నీళ్ళ దగ్గరకు వచ్చేసరికి కులం గుర్తొచ్చేవాళ్ళు మాలో ఉన్నారు. ఒకరింటి గ్లాసు ఇంకొకరు ముట్టడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఆమె ఒక్క ముక్కతో రెండు జబ్బులకు మందు వేసింది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. దానికి ముందు శనివారం మా గల్లీలో ఎవరైనా ఎవరింట్లోనైనా నీళ్ళు అడిగారంటే, ఆ ఇంటివాళ్ళు తామేం తప్పు చేశామో లెక్కపెట్టుకునేవారు.

ఆ తరువాత ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చింది. రోడ్డు మీద దీక్షల టెంటు వెలిసింది. డానియేలు పనిచేసే దుబాయి కంపెనీ మూతపడి, వట్టి చేతులతో తిరిగొచ్చిన రోజులవి. మన దగ్గర పనులుంటే నేనెందుకు ఎడారికి పోతానని అడుగుతూ వాడు ఉద్యమంలో దిగాడు. రత్నమ్మ తన చాట తీసుకెళ్ళి టెంటులో కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. నినాదానికో బీడీ చుట్టాం.

మా సంఘంలో కరుణ అని ఒకామె ఉండేది. ఆంధ్రా వైపు కృష్ణ ఒడ్డు నుంచి భర్తతో వచ్చి బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది. మా పిల్లలకు సండే స్కూలు చెప్పేది ఆమే. ఉద్యమం వేడెక్కాక బండి దగ్గర జనం పలచబడ్డారు. ఆమె మందిరంలో వెనక చాప మీద, తలుపు పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

ఒక బంద్ రోజున రాస్తారోకోలో పోలీసులు డానియేలును పట్టుకుని జగిత్యాలకు తీసుకుపోయారు. మర్నాడు వదిలారు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. అదే బంద్ రోజున కరుణ బండి పొయ్యి వెలిగిందనీ, వాడిని కొట్టిన పోలీసులు అక్కడే ఇడ్లీలు తిన్నారనీ ఎవరో చెప్పారు. బుధవారం కూడికలో తన వంతు రాగానే రత్నమ్మ కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, మా పోరగాళ్ళను కొట్టినోళ్ళకు పలారం వెట్టే చేతులు మా నడుమ ఉన్నయి. అసొంటోళ్ళను మా నడుమకెల్లి తీసెయ్యి తండ్రీ. అచ్చిన తొవ్వనే పంపియ్యి."

అలవాటు కొద్దీ అందరూ "ఆమెన్" అన్నారు. ఎన్నడూ ఆగని నా నోరు మాత్రం ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే తెరిచి ఉన్న కళ్ళు ఇంకో జత కనిపించాయి. కరుణ రత్నమ్మ మూసిన కళ్ళ వైపే చూస్తోంది. తరువాత పాటల పుస్తకం మూసి, లేచి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి బండి తెరవలేదు. సోమవారం సామాను ఎక్కించి వెళ్ళిపోవడానికి ఆమె భర్త ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడని తెలిసింది. మధ్యలో ఆదివారం, ప్రభువు బల్ల. దేవుని పేరు చెప్పి ఒక ఇల్లును ఊరు దాటిస్తున్నాం. ఆపాలంటే రత్నమ్మే ఆపాలి. మరి రత్నమ్మను ఎవరు దిద్దాలి? మా గల్లీలో భయం లేని నోరు ఒకటే ఉంది. దురదృష్టం కొద్దీ అది నాది.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. ఆమె గడపలో ఆకు కత్తిరిస్తోంది. "నీళ్ళియ్యి పెద్దమ్మా" అన్నాను. కత్తెర ఆగింది.

"మీ ఇంట్ల లెవ్వా?"

"ఉన్నయ్. గవి తాగితే మా అత్తనే తిట్టాలె."

ఆమె నవ్వలేదు. గ్లాసు తెచ్చి నా ముందు టప్పున పెట్టింది. తాగాను. "బుధవారం నువ్వు కండ్లు మూస్కున్నవ్ పెద్దమ్మా."

"ప్రార్థనల మూస్కోరా?"

"మూస్కుంటరు. తిట్టేటప్పుడు తెరుస్తరు. గది నువ్వు చెప్పిందే."

ఆమె ముఖం ఎర్రబడింది. "నా కొడుకు మోకాలు జూసినవా నువ్వు?"

"జూసిన. గా మోకాలు కరుణ కొట్టలే."

"కొట్టినోళ్ళకు తిండి వెట్టింది!"

"వెట్టిందా అని నువ్వు అడిగినవా ఆమెను?"

ఆమె కత్తెర చేతిలోకి తీసుకుంది. "పో ఇగ" అంది. ఒక్క క్షణం, ఆ కత్తెర ఆకు కోసమేనా అని నాకు అనుమానం వచ్చింది. లేచి వచ్చేశాను.

శనివారం పొద్దెక్కాక ఆమే మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. రాత్రి నిద్ర పోలేదని ముఖం చెబుతోంది. "నడువు. ఒక్కదాన్ని పోతే నా నోరు నన్ను మోసం జేస్తది. నువ్వు పక్కకుండాలె. జోకులేస్తే మాత్రం చంపుత."

కరుణ ఇంట్లో స్టీలు గిన్నెలన్నీ చీర మూటలో ఉన్నాయి. పొయ్యి గోడకు ఆనించి ఉంది. రత్నమ్మ గుమ్మంలోంచే అడిగింది: "బిడ్డా, కొన్ని నీళ్ళియ్యి."

"నీళ్ళ గ్లాసులు సర్దేశామండీ" అంది కరుణ. మూలనున్న బిందె మీద గ్లాసు బోర్లించి ఉంది. అది మా ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది.

రత్నమ్మ ఆ గ్లాసు వైపు చూసి, మెల్లగా కింద కూర్చుంది. "ఇయ్యకపోతే నా తప్పు నేనే అడుగాలె. నేను వెట్టిన పద్ధతే. చెప్పు బిడ్డా."

"మీరు దేవుడితో చెప్పేశారు కదండీ, ఇంక నాతో ఏముంది?" అంటూనే కరుణకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "అవునండీ, పెట్టాను. ఆకలేస్తుంది, తెరవమన్నారు, తెరిచాను. పొయ్యి వెలగకపోతే ఆ పూట మా పిల్లలకూ ఉండదు. వాళ్ళు డానియేలుని కొట్టారని అప్పటికి నాకు తెలీదు. తెలిస్తే ఏం చేసేదాన్నో కూడా తెలీదు. మీరొచ్చి అడిగుంటే ఇదే చెప్పేదాన్ని. మీకు నా గుమ్మం ఎంత దూరం? నన్ను పొమ్మనడానికి మీకు దేవుడు కావలసొచ్చాడా?"

"నా కొడుకు..." అని రత్నమ్మ నోరు తెరిచింది. ఆ మాట గొంతు దాకా రావడమూ, ఆమె దాన్ని మింగడమూ పక్కనున్న నాకు కనిపించింది. జీవితంలో ఆమె పూర్తి చేయని వాక్యం నేను విన్నది అదొక్కటే.

"తప్పు జేసిన," అంది చివరికి. "రాష్ట్రం గావాలన్నది తప్పు గాదు. గది రేపు గూడ అంట. నిన్ను పొమ్మన్నది తప్పు. నా కోపం దీస్కపోయి దేవుని నోట్లె వెట్టిన. గది ఇంకా పెద్ద తప్పు."

కరుణ గిన్నెల మూట ముడి మళ్ళీ బిగించింది. నీళ్ళు మాత్రం ఇవ్వలేదు. ఎండలో నడిచొస్తూ, "పెద్దమ్మా, గొంతెండిపోయింది" అన్నాను.

"ఎండనియ్యి" అంది.

ఆదివారం బల్లకు ముందు రత్నమ్మ లేచి నిలబడింది. సాక్ష్యం చెబుతుందనుకుని పాస్టరయ్య పక్కకు జరిగాడు. అందరూ అలవాటుగా కళ్ళు మూసుకోబోయారు. "ఎవలు మూస్కోకున్రి. ఇది ప్రార్థన గాదు" అంది. చేసింది చేసినట్టు చెప్పింది. కూడిక పెద్దరికం దిగిపోతున్నానంది. కరుణ మనసు కుదిరేదాకా తాను బల్ల ముట్టనంది. మగవాళ్ళ వైపు నుంచి ఒక ముసలాయన లేచి, "టెంటుల గూసునేదానివి, ఆంధ్రోళ్ళ ముందు తల వంచుడేంది రత్నమ్మా? మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

"వంచిన మెడ నాది బాపూ. నీదేం నొప్పి వెడ్తలేదు గదా?" అని కూర్చుంది. రొట్టె పళ్ళెం తన ముందుకు వస్తే చేత్తో ముట్టకుండా పక్కకు జరిపింది. తలుపు పక్కన కూర్చున్న కరుణ అది చూసింది.

సోమవారం ట్రాలీ ఆటో వచ్చి ఖాళీగా వెళ్ళిపోయింది. మంగళవారం బస్టాండు దగ్గర పొయ్యి వెలిగింది. నేను ఇడ్లీ వంకతో వెళ్ళి సంగతి అడిగాను. "క్షమించేశానని అనను ఎస్తేరుగారూ, ఇవాళ కాదు," అంది కరుణ, చట్నీ వడ్డిస్తూ. "కానీ నేను పోతే ఆవిడ జన్మలో బల్ల ముట్టదు. మొండి మనిషి. ఆ బరువు మొయ్యడం నావల్ల కాదండీ." మరుసటి నెల బల్లకు ముందు శనివారం కరుణే రత్నమ్మ ఇంటికి వెళ్ళి నీళ్ళు అడిగింది. ఇద్దరూ తలుపు వేసుకుని ఏం మాట్లాడుకున్నారో గల్లీలో ఎవరికీ తెలియదు. నాకే తెలియదంటే ఇంకెవరికీ తెలియదన్నట్టే. మర్నాడు ఇద్దరూ రొట్టె తీసుకున్నారు. సోమవారం రత్నమ్మ చాట పట్టుకుని మళ్ళీ టెంటులో కూర్చుంది. కరుణ ఏనాడూ టెంటు వైపు రాలేదు. ఒకరి మాటకు ఇంకొకరు ఒప్పుకున్నదేమీ లేదు. ఒకరి గుమ్మం మాత్రం ఇంకొకరికి తెరిచే ఉంది.

రాష్ట్రం వచ్చాక డానియేలుకు సిరిసిల్లలో పని దొరికితే రత్నమ్మ కొడుకు వెంట వెళ్ళింది, అక్కడే ప్రభువు దగ్గరకు చేరింది. బుధవారం కూడిక ఇప్పుడు నా నెత్తిన ఉంది. మనుషులను ఎట్లా దిద్దాలో ఆమె ఎంతో మందికి చెప్పింది. నాకు మాత్రం తప్పులో పడ్డ రోజున ఆమె ఎట్లా కూర్చుందో అదే పాఠం. రాష్ట్రం కొట్లాట ఆగినా ఇంటికో జెండా కొట్లాట ఇంకా ఆగలేదు. మొన్న ఎన్నికలైన వారం మా కూడికలో సుగుణ కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఎన్నికలు రాంగనే కండువాలు మార్చేటోళ్ళు మా నడుమున్నరు..." అని అందుకుంది. ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆ కండువా మార్చినామె ఆ రోజు కూడికకు రాలేదు కూడా.

"ఆపు," అన్నాను, ప్రార్థన మధ్యలోనే. అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. "చెప్పులేస్కో, నడువు. ఆమె ఇంటికి పోదాం."

సుగుణ దారి పొడుగునా గొణిగింది. నాకేం అధికారమంది, నాది ఏ పార్టీ అని అడిగింది, పాత రోజులు వేరంది. దేనికీ జవాబివ్వలేదు. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి సుగుణ గొంతు చిన్నదైంది. "ఏమని మొదలువెట్టాలె అక్కా?" అంది.

"మొదలువెట్టకు. ముందు ఆమె చెప్పేది ఇను," అని తలుపు తట్టాను.