చిన్నాయన ఇంట్లో వీడియో గేమ్‌ల మ్యూజియం

మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడలో దిగడమే... అక్కడ మా చిన్నాయనకు వీడియో గేమ్‌ల షాపు ఉండేది.

చిన్న గది. తలుపుకు పరదా. లోపల చెక్క డబ్బాల్లో బిగించిన టీవీలు, వాటి ముందు ఆట నడిపే జాయ్‌స్టిక్‌లు, గుండ్రటి బటన్లు... ఎప్పుడు చూసినా మగపిల్లలే. ఆడపిల్లలమని నన్నూ, చిన్నాయన కూతురు స్వప్ననూ పరదా దాటనిచ్చేవాళ్లు కాదు. చిన్నమ్మ అయితే రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి, గడప బయటే నిలబడి చెయ్యి చాచి లోపలికి ఇచ్చి వెళ్లేది.

నేను పదో తరగతికి వచ్చేసరికి షాపు వెలవెలబోయింది. ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి... చిన్నాయన షాపు ఖాళీ చేసి, డబ్బాలన్నీ ఆటో ట్రాలీలో ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టాడు. పాత సామాన్లు కొనే అతను అడిగితే ఇవ్వనని పంపేశాడు.

చిన్నమ్మకు కోపం వచ్చింది. "ఆ అర్ర కిరాయికి ఇద్దామనుకున్నం గదా. ఈ డబ్బాలను ఏం జేస్తవ్?"

"ఉండనియ్యి. ఇంకా నడుస్తున్నయ్," అన్నాడు చిన్నాయన.

కొన్నాళ్లు ఇద్దరి మధ్యా మాటలు తక్కువే...

ఆ సెలవుల్లో నేనూ స్వప్నా వాటిని తుడిచి గోడ వెంబడి వరసగా నిలబెట్టాం. ఒక్కోదాని మీద ఆట పేరు సుద్దముక్కతో రాశాం. "మ్యూజియం లెక్క ఉంది నాన్న," అంది స్వప్న. వాడకట్టంతటా అదే పేరు ఖాయమైంది.

ఒకరోజు నిడమనూరు నుంచి ఒకాయన తన చిన్న కూతురితో వచ్చాడు. బడి రోజుల్లో షాపుకు వచ్చేవాడట. ట్యాంకుల ఆట ముందు ఆగి, "ఇది ఇంకా ఆన్ అయితదా అన్నా?" అని అడిగాడు. చిన్నాయన స్విచ్ వేశాడు. పాత సంగీతం మొదలవగానే ఆయన ముఖం వెలిగింది... ఆడాడు, వెంటనే ఓడిపోయాడు.

పాప మాత్రం నాన్నతో ఆడనంది. చాయ్ తెచ్చిన చిన్నమ్మ కొంగు పట్టుకుంది. "నువ్వు రా పెద్దమ్మా. మనిద్దరం ఆడుదం."

"నాకు రాదు బిడ్డా. నేనెప్పుడన్న ముట్టుకున్ననా?"

"నాకు గూడ రాదు."

చిన్నమ్మ స్టూల్ మీద కూర్చుంది. మొదట తన ట్యాంకును గోడకే గుద్దుతూ పోయింది. కాసేపటికి ముందుకు వంగి, "నువ్వు ఆ దిక్కు సూడు, ఈ దిక్కు నేను సూస్త," అని పాపకు చెబుతోంది. లోపల పాలు మాడిన వాసన వచ్చినా లేవలేదు. చిన్నాయనే వెళ్లి పొయ్యి ఆపాడు.

వాళ్లు వెళ్లాక, మాడిన గిన్నె తోముతూ చిన్నమ్మ అంది... "ఇన్నేండ్లు పరదా బయట నిలబడి సప్పుడే విన్న. లోపల గిట్లుంటదని ఎవ్వరన్న చెప్పిన్రా నాకు?"

చిన్నాయన చెంబుతో ఆ గిన్నె మీద నీళ్లు పోశాడు. తర్వాత మెల్లగా, "నేనే పిలవాల్సుండె," అన్నాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆ గది ఆడవాళ్లది. పనులు ముగించుకుని వాడకట్టు అక్కలూ అత్తలూ వచ్చేవాళ్లు. నేనూ స్వప్నా తనివితీరా ఆడాం. టీవీలు ఒక్కొక్కటే చెడిపోయి, బాగుచేసేవాళ్లు దొరకకుండా పోయేదాకా అలాగే నడిచింది...

ఇప్పుడు చిన్నమ్మ ఫోన్‌లో కూడా బోలెడు ఆటలున్నాయి. ఒక్కతే కూర్చుని ఆడుకుంటుంది, పక్కన ఎవరూ ఉండరు... ఆ రోజుల్లో మీ ఇంట్లో, మీ వాడలో ఇలా ఆడిన అమ్మలూ అక్కలూ ఎవరైనా ఉంటే వాళ్ల గురించి కింద రాయండి. చదవాలని ఉంది.