మందు ముట్టని సత్తెమ్మ

సత్తెమ్మ జీవితంలో ఎన్నడూ మందు ముట్టలేదు. వీపనగండ్ల దగ్గరి ఆ ఊళ్లో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. మొగుడు బ్రాందీ తాగి తాగి పోయాడు గనుక ఆ వాసనంటేనే ఆమెకు గిట్టేది కాదు. పొద్దుగూకాక కల్లు తాగేది, అంతే. దాన్ని తాగుడని ఎవరంటారు? బువ్వ తినడం లాంటిదే అదీ.

తెలుగులో మందు అనే మాట వింతది. జ్వరానికి వేసుకునేదీ మందే, మిరపతోటకు కొట్టేదీ మందే, పెళ్లి ఊరేగింపులో పేలేదీ మందే, బ్రాందీ షాపులో దొరికేదీ మందే. ఇన్నింటికి చోటిచ్చిన ఆ మాటలో కల్లుకు మాత్రం చోటు లేదు. దుకాణంలో అమ్మే కల్లులో చెట్టుది ఎంతో, కలిపే తెల్లపొడి ఎంతో ఆమె ఏనాడూ అడగలేదు. ఎవరైనా అచ్చమైన ఈతకల్లు తెచ్చిస్తే మాత్రం మూతి తిప్పేది. "గా నీళ్లు తాగితే నిద్రొస్తదారా?" అనేది.

నిద్ర ఆమెకు అంత తేలిగ్గా దొరికే వస్తువు కాదు. ఈ ప్రాంతపు కూలీలు దేశమంతా తిరిగి కాలువలు తవ్వారు, కట్టలు పోశారు. వాళ్లు మట్టి మోసిన ఊళ్ల పేర్లు పటంలో ఉంటాయి గానీ వాళ్ల నడుముల సంగతి ఏ పటంలోనూ ఉండదు. సత్తెమ్మ నడుము పెళ్లికి ముందే పోయింది. ఆ నొప్పిని రాత్రికి పక్కన పెట్టేది కల్లొక్కటే. తెల్లారితే మళ్లీ నలుగురిని నవ్విస్తూ పనికి పోయేది. ముసలితనం మీద పడ్డాక పని మాని మనవరాలిని చూసుకునేది.

కల్లులో పొడి కలుస్తోందని తెలిసి దుకాణం మూయించాలని పట్టుబట్టింది ఆమె కొడుకు తిరుపతే. అతను ఆటో నడుపుతాడు. గ్రామసభలో ఆశా కార్యకర్త అమీనాబీ లేచి నిలబడింది.

"తిరుపతన్నా, ఒక్కపారే బంద్ పెడ్తే ఎట్ల? ముందుగాల తల్లులతోటి మాట్లాడాలె. పోరగాండ్లకు అలవాటు కాకుండ చూడాలె. తాగెటోళ్లను దవాఖానల చూపియ్యాలె. ఆరు నెల్లన్న పడ్తది."

"ఆరు నెల్లా అమీనక్కా? అప్పటిదాంక దుకాణపోడు ఇంకో మిద్దె కడ్తడు!"

సభంతా నవ్వింది. అమీనాబీ కూర్చుంది. వారం తిరగకుండానే దుకాణానికి తాళం పడింది. కుర్రాళ్లు తిరుపతిని భుజాల మీద ఎత్తుకున్నారు.

రెండు రోజులకే సత్తెమ్మ చేతులు వణకసాగాయి. చీర మీద లేని చీమలను ఏరుతోంది. చచ్చిపోయిన మొగుడితో మాట్లాడుతోంది. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. తర్వాత ఒళ్లంతా కొయ్యబారి, నాలుక కరుచుకుని, కింద పడి కొట్టుకుంది. తిరుపతి ఆమెను ఆటోలో వేసుకుని వనపర్తి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"మందు అలవాటుందా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సార్! మా అమ్మ మందు ముట్టని మనిషి." ఆ అవస్థలోనూ అతని గొంతులో కొంచెం గర్వం పలికింది.

అయితే మెదడులో ఏదో జబ్బు ఉండి ఉంటుందని స్కానింగుకు పంపారు. పూట గడిచిపోయింది. మళ్లీ మళ్లీ ఫిట్స్ వచ్చి సత్తెమ్మకు తెలివి తప్పింది. ఊపిరి కోసం నోట్లోంచి గొట్టం వేశారు.

అప్పుడు గేటులోకి ఇంకో ఆటో వచ్చింది. అందులో వాళ్ల ఊరి బుచ్చన్న, రోజూ కల్లు దుకాణంలో కనిపించే మనిషి. అదే వణుకు, అదే నాలుక కరుచుకోవడం. తిరుపతి లోపలికి పరుగెత్తాడు.

"సార్, మా అమ్మ కల్లు తాగుతది. దుకాణం బందయింది."

"పొద్దున అడిగితే లేదన్నవ్ కదయ్యా!"

"మీరు మందు అడిగిండ్రు సార్. కల్లు అడగలే."

డాక్టరు తల పట్టుకున్నాడు. "అందులో కలిపేది నిద్రమాత్రల పొడి. ఏళ్ల తరబడి తాగినోళ్లకు ఒక్కసారే ఆపొద్దు. మెల్లమెల్లగా తగ్గించాలె. ఇంజెక్షన్ ఇస్తున్నం గానీ ఇప్పుడేం చెప్పలేను. ఊళ్లో ఇంకెవరికైనా అలవాటుంటే తీస్కరండి. పెద్దోళ్లే కాదు, చిన్నోళ్లైనా."

చిన్నోళ్లు. తిరుపతి బయటికొచ్చి భార్య సింధూజకు ఫోన్ చేశాడు. ఇద్దరూ పనికి పోతే మూడేళ్ల లాస్య నాయనమ్మ దగ్గరే ఉంటుంది. సత్తెమ్మ చేతిలో పిల్ల ఎంత బుద్ధిగా నిద్రపోతుందో అని ఊరంతా మెచ్చుకునేది.

"పిల్ల ఎట్లుంది?"

"నిన్నటిసంది ఒకటే ఏడుపు. చేతులు వణుకుతున్నయి. దిష్టి గూడ తీసిన."

"అమ్మ దానికేమన్న తాపుతుండెనా?"

"కల్లుల గుడ్డ ముంచి నోట్ల పెడ్తుండె. నిన్ను గట్లనే పెంచిండ్రు, నన్ను గట్లనే పెంచిండ్రు. గిప్పుడు గదెందుకు?"

"జల్ది తీస్కరా."

"అడిగితే ఏమని చెప్పాలె? జరమని చెప్పాల్నా?"

"నువ్వేం చెప్పకు. నేనే చెప్త."

అమీనాబీని తోడు తీసుకుని వచ్చింది సింధూజ. పిల్ల ఒళ్లు కాలుతోంది, పిడికిళ్లు బిగుసుకుని ఉన్నాయి. తిరుపతి బిడ్డను ఎత్తుకుని వరుసలో ఉన్నవాళ్లందరూ వినేలా అన్నాడు. "సార్, గీ పిల్లకు కల్లు తాపిండ్రు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. సింధూజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి? రోజుకు ఎంత? అది తెలిస్తేనే లెక్క చూసి మందివ్వగలం" అన్నాడు డాక్టరు.

ఆ లెక్క మొగుడికీ తెలియదు, పెళ్లానికీ తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషి లోపల గొట్టంతో పడుకుని ఉంది.

తిరుపతి వెళ్లి తల్లి చెవి దగ్గరకు వంగాడు.

"అమ్మా, పిల్లకు ఎంత తాపుతుంటివే? నేను తిట్టనే అమ్మా. ఎంతనో జర చెప్పు."

సత్తెమ్మ రెప్ప కదలలేదు. బయట పిల్ల ఏడుపు ఎక్కువైంది. అతను మళ్లీ వంగి, ఇంకొంచెం గట్టిగా అడిగాడు.