మీటరు తిరగని బండి

మా బావ ఇంజను ఆయిల్ గురించి మొదలుపెడితే ఇంట్లో ఒక్కొక్కరికీ ఏదో పని గుర్తొచ్చి మెల్లగా జారుకునేవాళ్లు. నేను మాత్రం కూర్చునేదాన్ని. వినడానికి కాదు, వెక్కిరించడానికి. ఆయన మా చిన్నక్క భర్త. సొంత కారు పెట్టుకుని అద్దెకు నడిపేవాడు. ఊరు దాటి వెళ్లే దూరప్రయాణాలే ఒప్పుకునేవాడు. ఊళ్లో తిరిగే బేరమొస్తే, "నాకు సందులు పడవండీ" అని మర్యాదగా తప్పించుకునేవాడు.

కారుతోపాటు కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలో ఉంది. బావ అందులో సగానికే మార్చేసేవాడు. ఎందుకయ్యా ఈ చాదస్తమంటే, "కంపెనీవాడికేం, బండి అమ్మి చేతులు దులుపుకుంటాడు. దారి మధ్యలో ఆగితే జనం తిట్టేది వాణ్ణా, నన్నా?" అనేవాడు. ఆ పుస్తకంలోనే, ఆ లెక్క కింద, ఇంకో ముక్క కూడా ఉంది. బండి తిరిగినా తిరక్కపోయినా ఇన్ని నెలలకోసారి మార్చాల్సిందేనని. దాంతో బావకు ఎప్పుడూ పని పడలేదు. ఆ నెలలు నిండేలోపే ఆయన బండి కిలోమీటర్ల మీటరు లెక్క దాటేసేది.

ప్రయాణం ఉన్న ప్రతి ఉదయం బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే పుల్ల బయటికి లాగి, ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది వాసన చూసేవాడు. "రుచి కూడా చూడు బావా, ఉప్పు సరిపోయిందో లేదో" అనేదాన్ని.

"నీలాంటి మరదలు దొరికాక నా నోటికి రుచి ఎక్కడ ఏడిచింది, అంతా చేదే" అనేవాడు. చిన్నక్క పడీపడీ నవ్వేది. ఆ నవ్వు కోసమే మేమిద్దరం పోట్లాడుకునేవాళ్లమేమో అనిపిస్తుంది ఇప్పుడు. ఎక్కినవాళ్లను గమ్యం చేర్చకుండా దింపింది లేదని ఆయనకు మహా గర్వం. ఆ గర్వం ఆయనకంటే చిన్నక్కకు ఇంకా ఎక్కువ.

చిన్నక్కకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ అన్నారు. బావ దూరప్రయాణాలన్నీ మానేసి, ఇంటికి దగ్గర్లో ఒక గోడౌన్లో పనికి కుదురుకున్నాడు. కారు ఇక ఆస్పత్రికే. ఆస్పత్రి మా వీధి చివర మలుపు తిరిగితే వచ్చేస్తుంది. ఇంజను వేడెక్కేలోపే గేటు దగ్గర ఆపేవాడు. గంటల తర్వాత మళ్లీ చల్లటి ఇంజను తిప్పి, అంతే దూరం వెనక్కి. ఉదయం పుల్ల తీసి చూడటం కూడా మానేశాడు. ఆయన దృష్టిలో అది ప్రయాణం కాదు. ఆ మనిషి మనసు మాత్రం ఆయన దగ్గరెక్కడ ఉంది కనుక.

అక్కను పలకరించడానికి వచ్చిన షెడ్డు మెకానిక్ ఒకసారి అలవాటుకొద్దీ బానెట్ ఎత్తాడు. ఆయిల్ పోసే మూత విప్పి చూపించాడు. లోపల మీగడలాగా తెల్లటి తెట్టు.

"అన్నా, ఆయిల్ మార్చేద్దాం. చల్లటి బండిని ఇట్లా కాస్త తిప్పి ఆపేస్తుంటే లోపల నీరు చేరుద్ది" అన్నాడు.

"మీటరు చూశావా? సగం కూడా తిరగలేదు. మంచి ఆయిల్ పారబోయమంటావా?" అన్నాడు బావ. జీవితమంతా కిలోమీటర్లు చూసి బతికిన మనిషి. ఆ బండి మీటరులో కనపడని పని చేస్తోందని ఆయనకు తట్టలేదు.

మాకు అమ్మ చిన్నప్పుడే పోతే మా ఇద్దర్నీ పెంచింది పెద్దక్క. ఆమె ఉండేది చాలా దూరాన ఇంకో ఊళ్లో. తుంటి విరిగి కదల్లేదు. పైగా చెవుడు. ఫోన్లో వీడియో పెడితే అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడవడమే తప్ప ఒక్క మాట అటు చేరేది కాదు. "ఒక్క రాత్రి పెద్దక్క పక్కన పడుకుని వస్తాను, ఇంకేమీ అడగను" అని చిన్నక్క పట్టుబట్టింది. డాక్టరు రెండు డయాలసిస్‌ల మధ్య ఒక్క రోజు అదనంగా ఇచ్చాడు. అంతకు మించి ఒక్క పూట కూడా కుదరదన్నాడు.

ఆ ఉదయం బావ చాలా కాలానికి బానెట్ ఎత్తి పుల్ల లాగాడు. లాగి, అలాగే నిలబడిపోయాడు. నేను వెనక సీట్లోంచి తల బయటపెట్టాను.

"ఏంటి బావా, ఆలోచన?"

"మట్టం నిండుగానే ఉంది కానీ, బాగా నల్లబడిపోయింది. షెడ్డు తెరిచేదాకా ఆగి, మార్చుకుని పోతేనో?"

చిన్నక్క అప్పటికే ముందు సీట్లో, ఒళ్లో సంచీ పెట్టుకుని, బెల్టు కూడా పెట్టేసుకుని ఉంది. "షెడ్డు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు వదుల్తారో. ఇప్పుడు ఆగితే నేనింక వెళ్లలేనండీ. వచ్చాక మార్చుకోండి" అంది.

బావ ఆమె మొహం చూశాడు. తర్వాత లోపలికి వంగి మీటరు చూశాడు. "సర్లే, దీని ప్రకారం ఇంకా టైముంది" అని బానెట్ దించాడు.

దారి పొడుగునా చిన్నక్క మాట్లాడుతూనే ఉంది. మా పేలు చూడ్డానికి పెద్దక్క మమ్మల్ని మోకాళ్ల మధ్య నొక్కిపట్టుకోవడం, నేను కొరికి పారిపోవడం. అంతసేపు ఆమె మాట్లాడగా నేను విని చాలా నెలలైంది. కారు కూడా చాలా నెలలకు పెద్ద రోడ్డెక్కి వేగం అందుకుంది. సగం దారి దాటామో లేదో, బావ ముందు ఎర్ర దీపం వెలిగింది. పక్కకు తీసేలోపే లోపలినుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు, ఒక కుదుపు, అంతే. బావ దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఇంజను పట్టేసింది, ఇంక తిరగదు" అన్నాడు.

పేరుకుపోయిన మడ్డి, ఆయిల్ వెళ్లే దారికి అడ్డం పడి ఇంజను లోపల ఎండిపోయిందని తర్వాత మెకానిక్ చెప్పాడు. బావకు అది అక్కడే తెలిసిపోయింది.

మూసి ఉన్న పంక్చర్ కొట్టు ముందు బల్ల మీద చిన్నక్కను కూర్చోబెట్టాం. బావ ఫోన్లు చేసీ చేసీ, దొరికిన ఒక్క కారు వచ్చేసరికి ఎండ వాలిపోయింది. అప్పటికే అక్క కాళ్లు ఉబ్బాయి, ఆయాసం మొదలైంది. ముందుకు పోతే ఆస్పత్రి ఇంకా దూరమవుతుంది. బావ ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ రోడ్డు చూశాడు. "వెనక్కే పోదాం" అని అక్కే అంది.

కారెక్కగానే పెద్దక్క కోడలికి ఫోన్ చేసింది. "నాకే ఒంట్లో బాగోలేదమ్మా, రాలేనిపించింది. సగం దారిలోంచి వెనక్కి పోతున్నామని అత్తయ్యకు చెప్పు."

"అబద్ధమెందుకు చెప్పావ్?" అన్నాడు బావ.

"మిమ్మల్ని నమ్మి ఎక్కితే దారిలో దింపేశారని మా వాళ్ల నోట రాకూడదు. ఒసేయ్, నువ్వు కూడా నోరు మూసుకో" అంది నాతో. నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి పరువు కాపాడటానికా ఆ ఊపిరి? కానీ ఆ పరిస్థితిలో ఆమెతో ఏం వాదిస్తాం.

ఆ తర్వాత చిన్నక్క ఎన్నాళ్లో బతకలేదు. గుండె ఆగిపోయిందన్నారు, ప్రయాణానికీ దానికీ సంబంధం లేదన్నారు. బావ తల ఊపాడు కానీ నమ్మినట్టు లేదు. అప్పుచేసి ఇంజను విప్పించి బాగు చేయించాడు. బండి ఇంటిముందు నిలబడే ఉండేది, ఈయన మాత్రం నెల తిరగ్గానే ఆయిల్ మార్చేవాడు. తీసిన ఆయిల్ డబ్బాలోకి తేనెలా శుభ్రంగా కారేది. చూస్తుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

ఈలోగా పెద్దక్క కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్య సరిగ్గా తినట్లేదు పిన్నీ. 'సగం దారి వచ్చి వెనక్కి మళ్లిందే, దానికి నన్ను చూడబుద్ధి కాలేదు' అని ఒకటే మాట."

వెళ్లి బావకు చెప్పాను. ఆయన కారు కింద పడుకుని ఉన్నాడు.

"ఆ ఇంజనుకు ఇంక నువ్వు చేయాల్సిందేం లేదు. లేచి రా. పెద్దక్కకు నిజం చెప్పు."

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావే?"

"ఉన్న మొహమే పెట్టుకుని."

బయల్దేరాం. ఆ కారులోనే. ఆ పంక్చర్ కొట్టు వచ్చినప్పుడు నేనే కళ్లు మూసుకున్నాను.

పెద్దక్క మంచం గది కిటికీ వీధిలోకే ఉంటుంది. బావ మంచం పక్కన నేలమీద కూర్చుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటి నాయనా?" అంది. రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. బావ నావైపు చూశాడు. నేను చెప్పలేదు, చెప్పాల్సింది నేను కాదు.

"ఆయిల్ మార్చలేదు వదినా!" అని అరిచాడు. పక్కింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "దానికి ఒంట్లో బాగోలేక కాదు! ఇంజను ఆగిపోయింది! తప్పు నాది! మీటరు తిరగలేదు కదాని మార్చలేదు! ముందుకు తీసుకురాలేక వెనక్కి తీసుకుపోయాను! నా పరువు పోతుందని అది మీకు అబద్ధం చెప్పింది!" వీధిలో నడిచేవాళ్లు ఆగి కిటికీలోంచి చూస్తున్నారు. ఇన్ని నెలలు కడుపులో దాచుకున్నదాన్ని ఆయన ఊరందరికీ వినపడేలా అరుస్తున్నాడు, మెడ నరాలు తేలాయి.

పెద్దక్కకు ఆయిల్ ఏమిటో తెలియదు, మీటరు ఏమిటో తెలియదు. 

"అయితే అది నా దగ్గరికి రావాలనే బయల్దేరిందా?" అంది.

"అవును వదినా! దారంతా మీ మాటలే! వెనక్కి రానని ఏడ్చింది!"

చిన్నక్క ఏడవలేదు. అది బావ కల్పించి చెప్పిన ఒకే ఒక్క మాట. నేను కాదనలేదు.

పెద్దక్క చెయ్యి చాపి ఆయన తలమీద పెట్టింది. "వినపడింది" అంది. "అయినా ఇంకోసారి చెప్పు నాయనా."

బావ మళ్లీ చెప్పాడు.